గోడో ఎవరో చెప్పని గైడే మంచి గైడు

ఇంగ్లిష్ ఎం.ఏ. చదివేవాళ్లలో చాలామందికి శామ్యూల్ బెకెట్ నాటకం కన్నా దాని గైడే ముందు చేతికొస్తుంది. నాటకం పల్చటి పుస్తకం, గైడు దానికి రెట్టింపు మందం. కోఠిలో కొన్నా, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నా లోపల సరుకు ఒకటే. రచయిత జీవితం రెండు పేజీలు, కథాసారాంశం నాలుగు పేజీలు, ఆ తర్వాత పెద్ద ప్రశ్నలూ వాటికి రెడీమేడ్ జవాబులూ. 'వెయిటింగ్ ఫర్ గోడో'ను అబ్సర్డ్ (జీవితానికి అర్థం లేదని చూపే) నాటకంగా చర్చించండి అన్న ప్రశ్న లేకపోతే ఆ గైడును ఎవరూ కొనరు.

వ్లదిమీర్, ఎస్ట్రగాన్ అనే ఇద్దరు ఒక చెట్టు పక్కన గోడో అనే మనిషి కోసం ఎదురుచూస్తుంటారు, అతను రాడు. ఈ నాటకాన్ని నేను చాలా ఏళ్లుగా క్లాసులో చెబుతున్నాను. గైడ్లు చదవొద్దని ఎప్పుడూ అనలేదు. బెకెట్ లాంటి రచయితను మొదటిసారి చదివేటప్పుడు ఎవరైనా పక్కనుంటే బాగుండనిపిస్తుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నా గొడవల్లా ఎలాంటి గైడు అన్నదే. బెకెట్ మీద వచ్చిన విమర్శలో 'దీని అర్థం ఏమిటి' అని అడిగే పుస్తకాలున్నాయి, 'స్టేజి మీద ఏం జరుగుతోంది' అని అడిగే పుస్తకాలున్నాయి. మన దగ్గర దొరికేవి, అమ్ముడయ్యేవి, పరీక్షల్లోకి ఎక్కేవి దాదాపు అన్నీ మొదటి రకం. అవి చదివిన పిల్లలు నాటకం తెరవకముందే దాని అర్థం తెలుసుకుని వస్తారు. ఇక నాటకంతో వాళ్లకేం పని?

మొదటి క్లాసులోనే ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, గోడో అంటే దేవుడే కదా?"

ఈ ప్రశ్నకు బెకెట్ స్వయంగా జవాబు చెప్పాడు. 1956లో మయామీలో ఈ నాటకాన్ని అమెరికన్లకు తొలిసారి చూపించిన దర్శకుడు అలన్ ష్నైడర్ అంతకుముందే వెళ్లి, గోడో ఎవరు, ఏమిటి అని అడిగాడు. నాకు తెలిస్తే నాటకంలోనే చెప్పేవాణ్ని కదా అన్నాడు బెకెట్. 1952లో ఫ్రెంచి రేడియోకి చెందిన మిషెల్ పొలాక్‌కి రాసిన ఉత్తరంలో ఇంకా ముందుకెళ్లాడు. గోడో ఎవరో తెలియదు, అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు అన్నాడు. తర్వాత బెకెట్ మరో నాటకం 'ఎండ్‌గేమ్' రిహార్సల్ సమయంలో ష్నైడర్ మళ్లీ సందేహాలు పంపితే, అంతరార్థాలు వెతుక్కుని తలనొప్పి తెచ్చుకోదలచినవాళ్లు తెచ్చుకోనీ, ఆస్పిరిన్ మాత్రలు కూడా వాళ్లే కొనుక్కోవాలి అన్న అర్థంలో రాశాడు. వీళ్లిద్దరి ఉత్తరాలు 1998లో పుస్తకంగా వచ్చాయి. నా లెక్కలో బెకెట్ నాటకాలకు అది మంచి గైడు. దాని నిండా కుర్చీ ఎక్కడుండాలి, లైటు ఎంతసేపుండాలి, ఈ మాటకు ముందు ఎంత ఆగాలి లాంటివే.

రచయిత మాటను విమర్శకుడు శిరసావహించాలని నేననడం లేదు. రచయితలు దాస్తారు, ఏమారుస్తారు, ఒక్కోసారి వాళ్లకే తెలియదు. కానీ అటువైపు జరిగే వింత కూడా చూడాలి. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అడోర్నో అంత గొప్ప తత్వవేత్త 'ఎండ్‌గేమ్' మీద తన వ్యాసం గురించి మాట్లాడుతూ, హామ్ అన్న పాత్ర పేరు హామ్లెట్ నుంచి వచ్చిందని వాదించాడట. నేను ఆ పేరు పెట్టేటప్పుడు హామ్లెట్ నా మనసులో లేడు అని బెకెట్ ఎదురుగా కూర్చుని చెప్పినా ఒప్పుకోలేదట. ఆ సాయంత్రం సభలో అదే సిద్ధాంతం మళ్లీ వినిపించాడు. ఇది ప్రచురణకర్త ఉన్‌సెల్డ్ చెప్పిన కథ. అడోర్నో వ్యాసం లోతైనదే, నేను కాదనను. మన బజారు గైడ్ల రోగం మాత్రం అక్కడే సంపూర్ణంగా కనిపిస్తుంది: గైడుకు ముందే అన్నీ తెలుసు, రచయిత వచ్చి కాదన్నా వినదు.

ఇక మార్టిన్ ఎస్లిన్ దగ్గరికి రావాలి. అబ్సర్డ్ నాటకరంగం అన్న మాటను లోకానికి అలవాటు చేసినవాడు ఆయనే. హంగరీలో పుట్టి, ఇంగ్లండుకు వలస వచ్చి, బీబీసీలో రేడియో నాటకాల బాధ్యత చూసుకున్నవాడు. 1961లో ఆయన పుస్తకం వచ్చింది. మన గైడ్లలో ప్రతి దానికీ తాత అదే. కానీ మన గైడ్లు ఆయన దగ్గర్నుంచి ముద్ర తీసుకున్నాయి, ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో అది వదిలేశాయి.

ఎస్లిన్ పుస్తకం తత్వంతో మొదలు కాదు, జైలుతో మొదలవుతుంది. 1957 నవంబరు 19న కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో హెర్బర్ట్ బ్లా దర్శకత్వంలో శాన్ ఫ్రాన్సిస్కో యాక్టర్స్ వర్క్‌షాప్ ఈ నాటకం వేసింది. ఎదురుగా సుమారు 1,400 మంది ఖైదీలు. పారిస్‌లో, లండన్‌లో, న్యూయార్క్‌లో చదువుకున్న ప్రేక్షకులను తికమక పెట్టిన నాటకం ఇది. మయామీలోనైతే నవ్వుల నాటకమని ప్రకటించి ఆడితే మొదటి రాత్రి ఇంటర్వెల్‌కే చాలామంది లేచిపోయారు. అలాంటిది ఇక్కడేం గొడవ జరుగుతుందోనని నటులకు ఒకటే టెన్షన్. ఖైదీలు కదలకుండా చూశారు. గోడో అంటే సమాజం అన్నాడొకడు, బయటి ప్రపంచం అన్నాడింకొకడు. ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్లకి తెలుసు అని అక్కడి టీచరు ఒకరన్నారు.

ఆ రాత్రి యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న రిక్ క్లచీ అనే ఖైదీని నాటకం చూడటానికి బయటికి రానివ్వలేదు. సెల్లో కూర్చుని లౌడ్‌స్పీకరులో విన్నాడు. తర్వాత జైల్లోనే నాటక బృందం మొదలుపెట్టాడు, 1966లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఆఖరికి 1977లో బెర్లిన్‌లో బెకెట్ ఇంకో నాటకం 'క్రాప్స్ లాస్ట్ టేప్'లో బెకెట్ దర్శకత్వంలోనే నటించాడు. ఏ గైడూ చదవకుండా, నాటకం కళ్లతో కూడా చూడకుండా, చెవులతో పట్టుకున్న మనిషి.

ఇంత బలమైన సాక్ష్యంతో మొదలైన పుస్తకంలోంచి మనవాళ్లు ఏరుకున్నది 'అబ్సర్డ్' అన్న ఒక్క మాట. దానికింద ఫ్రెంచి రచయిత కామూ, ఎప్పటికీ బండ దొర్లించే సిసిఫస్, జీవితం అర్థరహితం, భాష విఫలం అని నాలుగు పాయింట్లు. ఆ పేరుతో అదేదో రాజకీయ పార్టీ అయినట్టు, హాకీ టీము అయినట్టు అందరూ మాట్లాడుతున్నారని తర్వాత ఎస్లినే విసుక్కున్నాడు. బెకెట్‌కీ ఆ మాట నచ్చలేదు. జీవితం అబ్సర్డ్ అనాలంటే పైనుంచి తీర్పు చెప్పాలి, అలాంటి తీర్పు తనకు సాధ్యం కాదని రచయిత షార్ల్ జులియేతో అన్నాడు. అరవై ఏళ్లు దాటినా మన పరీక్ష పేపర్లలో మాత్రం ఆ టీము ఇంకా ఆడుతూనే ఉంది.

గైడ్లకు బాగా ఇష్టమైన ఇంకో వాక్యం ఉంది. ఐరిష్ విమర్శకుడు వివియన్ మెర్సియర్ 1956లో 'ఐరిష్ టైమ్స్'లో రాసింది: ఏమీ జరగని నాటకం, అదీ రెండుసార్లు. చమత్కారమైన వాక్యం, పిల్లలందరూ జవాబు మొదట్లో రాస్తారు. చమత్కారం పక్కనపెట్టి చూస్తే అది తప్పు. రెండు అంకాల మధ్య ఏం మారిందో లెక్కపెట్టండి. ఎండిన చెట్టుకి నాలుగైదు ఆకులొచ్చాయి. కొరడా పట్టుకుని బానిసను తోలుకొచ్చిన పోజో గుడ్డివాడయ్యాడు. బానిస మెడకు కట్టిన తాడు పొట్టిదయింది. ఆపకుండా మాట్లాడిన ఆ బానిస, లక్కీ, మూగవాడయ్యాడు. నిన్న గోడో కబురు తెచ్చిన కుర్రాడు నిన్న రాలేదంటున్నాడు. ఎస్ట్రగాన్ నిన్నటిదంతా మర్చిపోయాడు, వ్లదిమీర్‌కి గుర్తుంది, అదే వాడి బాధ. ఆఖర్లో 'వెళ్దామా' అని మొదటి అంకంలో ఎస్ట్రగాన్ అడుగుతాడు, 'పద' అని వ్లదిమీర్ అంటాడు. రెండో అంకంలో అడిగేది వ్లదిమీర్, పద అనేది ఎస్ట్రగాన్. ఇద్దరూ కదలరు. ఆ చిన్న మార్పుని పట్టించుకునే బజారు గైడు ఇంతవరకూ నా కంటపడలేదు. రెండు అంకాలూ ఒకటే అని ముందే తీర్మానించుకుంటే ఎందుకు కనిపిస్తుంది మరి?

విమర్శకుడు హ్యూ కెన్నర్ బెకెట్ మీద రాసిన రీడర్స్ గైడ్ 1973లో వచ్చింది. పేరులోనే గైడు ఉన్నా గైడు వాసన లేదు. కెన్నర్ చాలా మామూలు ప్రశ్న అడుగుతాడు: ఈ నాటకంలో లోకం ఎలా ఉంది? తిండికి కరువు, ఒక క్యారెట్ దొరికితే పండగ. రాత్రి ఎవరో వచ్చి కొట్టిపోతారు, ఎందుకో తెలియదు. ఒక చోట నిలబడి ఒక మనిషి కోసం ఎదురుచూడాలి, ఆ మనిషి మొహం తెలియదు, చోటు ఇదేనో కాదో తెలియదు. కబురు తెచ్చినవాడికి ఏమీ తెలియదు. దారినపోయే ఆసామి దర్జాగా కొరడా ఆడిస్తాడు. ఇదంతా జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులా లేదూ అంటాడు కెన్నర్. ఇంత కళ్లెదురుగా ఉన్నది పాఠకులకు తట్టకపోవడం చిత్రం అని కూడా అంటాడు.

బెకెట్ జీవితం తెలిస్తే ఈ మాటకు బరువు పెరుగుతుంది. డబ్లిన్ దగ్గర ఫాక్స్‌రాక్‌లో 1906లో పుట్టిన ఈయన యుద్ధకాలంలో పారిస్‌లో 'గ్లోరియా ఎస్.ఎం.హెచ్.' అనే రహస్య ప్రతిఘటన దళంలో పనిచేశాడు. ఒక మతగురువు ద్రోహం చేయడంతో 1942లో దళం చిన్నాభిన్నమైంది. మిత్రుడు ఆల్ఫ్రెద్ పెరోన్ అరెస్టయి, నాజీల మౌతౌసెన్ క్యాంపు నుంచి విడుదలైన కొద్దిరోజులకే 1945లో చనిపోయాడు. బెకెట్, ఆయన సహచరి సుజాన్ తప్పించుకుని దక్షిణాన రూసియోన్ అనే ఊరు చేరి, ఆ ప్రాంతం జర్మన్ల చెర వీడేదాకా అక్కడే దాక్కున్నారు. ఎర్రమట్టి కొండల ఊరు అది. అక్కడ బొనెల్లీ అనే రైతు దగ్గర ద్రాక్షతోటలో బెకెట్ పనిచేశాడు. ఫ్రెంచి మూలంలో వ్లదిమీర్ ఆ రైతు పేరూ ఊరి పేరూ చెబుతాడు, అక్కడ అంతా ఎర్రగా ఉంటుంది అంటాడు. బెకెట్ తనే చేసిన ఇంగ్లిష్ పాఠంలో ఆ పేర్లు వ్లదిమీర్‌కి గుర్తురావు. రాతప్రతిలో మొదట ఎస్ట్రగాన్ పేరు లెవీ, యూదుల పేరు. అచ్చుకొచ్చేసరికి అదీ పోయింది. నాటకాన్ని 1948 అక్టోబరు 9న మొదలుపెట్టి 1949 జనవరి 29న ముగించాడు, నాలుగు నెలలు కూడా పట్టలేదు.

అలాగని ఇది ప్రతిఘటన దళం గురించిన నాటకం అని తేల్చేస్తే మళ్లీ పాత గుంటలోనే పడతాం. దేవుడి స్థానంలో కమాండరు వచ్చాడు, అంతే తేడా. కెన్నర్ అలా తేల్చడు. చరిత్ర ఆధారాలన్నీ బెకెట్ ఒక్కొక్కటే తీసేశాడని గమనించి, తీసేశాక మిగిలిన ఖాళీ ఎలా పనిచేస్తుందో చూస్తాడు. జేమ్స్ నోల్సన్ 1996లో రాసిన బెకెట్ జీవితచరిత్రను కూడా అలాగే వాడుకోవాలి. 1975లో బెర్లిన్‌లో జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రెడ్రిక్ గీసిన బొమ్మ ముందు నిలబడి, గోడో పుట్టింది ఇక్కడే అని బెకెట్ విమర్శకురాలు రూబీ కోన్‌తో అన్న సంగతి అందులో ఉంది. చంద్రుడి వైపు చూస్తూ నిలబడ్డ ఇద్దరు మనుషులు, పక్కన ఆకుల్లేని చెట్టు. ఇది నాటకం అర్థం చెప్పదు, స్టేజి ఎలా కనబడాలో చెబుతుంది. చంద్రుడు లేచినప్పుడు ఆ ఇద్దరూ ఎక్కడ నిలబడాలో కుర్ర దర్శకుడికి తెలిసిపోతుంది.

1953 జనవరి 5న పారిస్‌లోని బాబిలోన్ థియేటర్‌లో దర్శకుడు రోజే బ్లాన్ ఈ నాటకం తొలి ప్రదర్శన ఇచ్చాడు. ఆఖర్లో ఉరేసుకుందామని ఎస్ట్రగాన్ ప్యాంటుకి కట్టుకున్న తాడు విప్పుతాడు, ప్యాంటు జారిపోతుంది. ఆ నటుడికి సిగ్గేసింది, సగంలోనే పట్టేసుకున్నాడు. అది విని బెకెట్ బ్లాన్‌కి ఉత్తరం రాశాడు: ప్యాంటు పూర్తిగా, మడమల దాకా జారిపోవాలి. తొలి ప్రదర్శన జరిగిన కొద్దిరోజులకే, ప్రపంచ నాటకరంగాన్ని మార్చేసిన నాటకం గురించి రచయిత రాసిన ఉత్తరంలో ముఖ్యమైన విషయం ప్యాంటు. చావు గురించి మాట్లాడుతున్న మనిషి ప్యాంటు జారి నిలబడితే జనం నవ్వాలి, నవ్వుతూనే గొంతు పట్టుకోవాలి. సగం జారితే ఆ రెండోది జరగదు. అస్తిత్వవాదం మీద ఎన్ని పేజీలు చదివినా ఈ సంగతి అందదు. లక్కీ వేషం వేసిన జాన్ మార్తాన్ పార్కిన్సన్స్ రోగుల వణుకు చూసి తన పాత్రకు దేహం తెచ్చుకున్నాడు. వ్లదిమీర్ వేసిన రాంబూర్ మ్యూజిక్ హాల్ (పాట, హాస్యం కలిపిన వినోద ప్రదర్శనలు) నుంచి వచ్చినవాడు.

ఆ మ్యూజిక్ హాల్, సర్కస్, మూకీ సినిమా హాస్యం ఈ నాటకానికి ఎముకలు. మన పిల్లలకు ఇది చెప్పాలంటే నేను బుర్రకథ తెస్తాను. కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు, గుమ్మెటలు వాయిస్తూ, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునేలోపు జనం లేచిపోకుండా వాళ్లు పట్టి ఉంచాలి. ఒక రాత్రి కథకుడు రాలేదనుకోండి. వస్తాడని కబురొచ్చింది, జనం కూర్చునే ఉన్నారు, వంతలిద్దరే తెల్లారేదాకా నెట్టుకురావాలి. ఈ మాట చెప్పగానే క్లాసులో వెనక బెంచీలు కూడా కదులుతాయి. టోపీల మార్పిడి దృశ్యం, మూడు టోపీలు ఇద్దరి తలల మీద తిరిగే ఆట, వాళ్లకు ఇక 'భాషా వైఫల్యానికి ప్రతీక'గా కనిపించదు. టైమింగుగా కనిపిస్తుంది. పరిషత్తు నాటకాలు చూసి పెరిగిన పిల్ల ఒకసారి, మేడమ్ ఇక్కడ ఆగకపోతే డైలాగు చచ్చిపోతుంది అంది. ఎస్లిన్ కూడా ఆ మాట ఒప్పుకునేవాడనుకుంటాను.

నేను అందరికన్నా ఎక్కువ నమ్మే గైడు బెకెట్ సొంత దర్శకత్వ నోటుబుక్కు. 1975లో బెర్లిన్ షిల్లర్ థియేటర్‌లో గోడోను ఆయనే డైరెక్ట్ చేశాడు. అందుకోసం రాసుకున్న నోట్సును బెకెట్ పరిశోధకులు మెక్‌మిలన్, నోల్సన్ సంపాదకులుగా 1993లో ఫేబర్ ప్రచురణ సంస్థ ద్వారా తెచ్చారు. ఆ వరుసలో మొత్తం నాలుగు సంపుటాలు. ఖరీదైన పుస్తకాలు, మన కాలేజీ లైబ్రరీల్లో కనబడటం కష్టం. అందులో బెకెట్ మొదటి అంకాన్ని ఆరు ముక్కలుగా, రెండోదాన్ని ఐదు ముక్కలుగా కోశాడు. ఎస్ట్రగాన్‌ది రాయి, వ్లదిమీర్‌ది చెట్టు అని విడదీశాడు: ఒకడు నేలకి, ఒకడు పైకి. మొదటి అంకంలో ఒకడికి చారల ప్యాంటు నల్ల కోటు, ఇంకొకడికి నల్ల ప్యాంటు చారల కోటు. రెండో అంకంలో అవి తారుమారు. ఎవరూ కదలకుండా బొమ్మల్లా నిలిచిపోయే క్షణాలను ముందే గుర్తుపెట్టుకున్నాడు. రిహార్సల్ మొదలుపెట్టింది లక్కీ ఉపన్యాసంతో. విరామ చిహ్నం ఒక్కటి లేని ఆ ప్రసంగాన్ని మన గైడ్లన్నీ అర్థం లేని వాగుడు అని తోసేస్తాయి. బెకెట్ మాత్రం దాన్ని భాగాలు చేసి నటుడికి విప్పి చెప్పాడు: పట్టించుకోని ఆకాశం, కుంచించుకుపోతున్న మనిషి, రాళ్లు మిగిలే భూమి. వాగుడు అనుకున్నదానికి లోపల తాళం ఉంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, క్లాసులో తెలివైన పిల్లలు అడుగుతారు కూడా. అర్థం గైడ్ల పెత్తనం వద్దంటూ రచయిత నోటుబుక్కు పెత్తనం నెత్తిన పెట్టుకోవడం కాదా ఇది? బెకెట్ తన నాటకాల విషయంలో మొండివాడు. 1988లో హాలండ్‌లోని హార్లెమ్‌లో ఆడవాళ్లే అన్ని పాత్రలూ వేస్తామంటే కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. అక్కడ నేను ఆయన పక్షం కాదు. 1993లో యుద్ధంలో ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సారాయేవోలో అమెరికన్ రచయిత్రి సూజన్ సాంటాగ్ ఒక్క మొదటి అంకమే వేసింది, వ్లదిమీర్-ఎస్ట్రగాన్ జంటలు మూడు పెట్టింది. నోటుబుక్కు ప్రకారం అది అపచారం. కానీ కొవ్వొత్తుల వెలుగులో, బయట తుపాకులు పేలుతుంటే, సాయం ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో ఆ నాటకం ఆడింది. నోటుబుక్కు శాసనం కాదు. ఒక నాటకాన్ని ఎంత దగ్గరగా చూడొచ్చో దానికి కొలత. అంత దగ్గరగా చూశాక ఎవరైనా వేరేగా వేస్తే వాళ్లు ఏం మార్చారో వాళ్లకి తెలుస్తుంది.

నోటుబుక్కు దొరకనివాళ్లకి విమర్శకుడు జాన్ ఫ్లెచర్ ఉన్నాడు. ఆయన ఇంకొందరితో కలిసి 1978లో తెచ్చిన విద్యార్థుల గైడులో ఒక్కో నాటకానికి విడివిడిగా ప్రదర్శన వివరాలు, నోట్సు ఉంటాయి. తర్వాత 2000లో ఫేబర్ క్రిటికల్ గైడ్ల వరుసలో గోడో, ఎండ్‌గేమ్, క్రాప్ మూడింటి మీద ఆయనే చిన్న పుస్తకం రాశాడు. పరీక్ష రాయాల్సిన పిల్లలకి నేను చెప్పేది అదే. అంతకుముందు మాత్రం నాటకం ఇద్దరు కూర్చుని బయటికి చదవాలి. 'పాజ్' అని ఉన్నచోట నిజంగా ఆగాలి, ఇబ్బందిగా అనిపించినా సరే. మూడు టోపీలు కావాలి, క్రికెట్ క్యాపులైనా పర్లేదు. బజారు గైడు ఆ తర్వాత తెరుచుకోవచ్చు, దాంట్లో సారాంశం తారీఖులతో సహా ఉంటుంది, ఆ మేరకు పనికొస్తుంది.

ఇక పేపర్ సెట్ చేసే పెద్దలకు ఒక విన్నపం. అబ్సర్డ్ ప్రశ్న ఈ ఒక్క ఏడాది పక్కనపెట్టి దీన్ని ఇచ్చి చూడండి: 'రెండు అంకాల ఆఖరి మాటలను బెకెట్ ఒకరి నుంచి ఇంకొకరికి ఎందుకు మార్చాడు? ప్యాంటు, తాడు, చెట్టు ఆధారంగా రాయండి.' మార్కెట్లో దీనికి రెడీమేడ్ జవాబు తయారవడానికి కనీసం రెండు పరీక్షలు పడుతుంది. ఆలోపు ఒక బ్యాచ్ పిల్లలైనా నాటకం చదువుతారు.